ముట్టుకుంటే ఎగిరిపోయే కొంగ

విమలమ్మ ఫోనులోకి కొంగ బోనాల నాడు వచ్చి నిలబడింది. బతుకమ్మ వచ్చింది, పోయింది. దసరా అయింది. కొంగ అక్కడే ఉంది.

అది ఒక ఆట. తెర నిండా చెరువు, ఒక పక్క తుంగ, మధ్యలో ఒంటికాలి మీద తెల్లకొంగ. ఆడేవాళ్లు చేయవలసింది ఏమీ లేదు. తెరను ముట్టుకోకుండా ఉండాలి, అంతే. ముట్టుకుంటే కొంగ ఎగిరిపోతుంది. ముట్టుకోకపోతే పొద్దు పొడుస్తుంది, గూకుతుంది, అప్పుడప్పుడు వాన పడుతుంది, ఎప్పుడో ఒకసారి కొంగ కాలు మారుస్తుంది. ఎన్నాళ్లు నిలబడిందో ఆట చెప్పదు. పాయింట్లు లేవు, చప్పుడు లేదు, ఇంకొకరితో పోటీ లేదు. కొంగ కాలు మార్చిన రోజు విమలమ్మ రెండు ముద్దలు ఎక్కువ తినేది.

వరంగల్ కొత్తవాడలో వాళ్ల ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో ఆమె మంచం. భర్త నర్సింగం జంపఖానాలు నేస్తాడు. మాటలు తక్కువ మనిషి. మగ్గం గుంటలో కూర్చునే, తల తిప్పకుండా అడిగేవాడు.

"ఉన్నదా?"

"ఉన్నది."

"ఏం జేస్తాంది?"

"నిలబడ్డది."

మగ్గం మళ్లీ మొదలయ్యేది. పొద్దున ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, దీపం పెట్టే వేళ ఒకసారి ఈ ముచ్చట జరిగేది. పెళ్లైన కొత్తలో కూడా వాళ్లిద్దరూ ఇంత క్రమంగా మాట్లాడుకోలేదు.

విమలమ్మకు యాభై దాటాయి. పుట్టింది హసన్‌పర్తిలో. చేతికి రాట్నం అందినప్పటి నుంచి కండెలు చుట్టింది. పెళ్లయ్యాక మగ్గం ఎక్కింది. వెడల్పు జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి నూలు పోవాలి, ఇద్దరి చేతులూ ఒకే ఊపున నడవాలి. ఒకరి చేయి ఆగితే ఇద్దరి పనీ ఆగుతుంది. నర్సింగం ఎడమ పక్కన ఆమె మోకాళ్లు అరిగేదాకా ఆ పని చేసింది. ఆపరేషన్ అయ్యాక డాక్టర్ మగ్గం గుంటలోకి దిగొద్దన్నాడు. అప్పటి నుంచి నర్సింగం ఒక్కడే నేయగలిగిన చిన్నవే నేస్తున్నాడు.

మోకాళ్లకు విశ్రాంతి దొరికింది గాని చేతులకు అది నచ్చలేదు. మంచం మీద పడుకుంటే అవి దుప్పటి అంచు దారాలు లాగేవి. దిండు గలీబు కుట్లు విప్పేవి. రెండో దుప్పటి కూడా పాడయ్యాక కోడలు స్నేహలత మొగుడితో చెప్పింది. కొడుకు హరీశ్ తన పాత ఫోను, మూల పగిలింది, సిమ్ము లేనిది, తెచ్చి తల్లికిచ్చాడు. అందరి అమ్మలూ ఆడేదే అని రంగురంగుల మిఠాయిలు పగలగొట్టే ఆట ఒకటి పెట్టి చూపించాడు.

"మంచిగున్నయి గదరా. ఎందుకు పగలగొట్టుడు?"

"పాయింట్లొస్తయమ్మా."

"వచ్చినంక?"

"ఇంకిన్ని పగలగొట్టచ్చు."

ఆమె ఆ ఆటను రెండోరోజు మానేసింది. ఆమెకు తెలుగు కూడబలుక్కుంటే వస్తుంది, ఇంగ్లిషు రాదు. మామూలు ఆటలన్నీ ఇంగ్లిషులో అరిచేవి. ఇది నొక్కమని, అది కొనమని, మళ్లీ రమ్మని. అక్షరాలు లేని ఆటలు వెతికి పెట్టమని కోడల్ని అడిగింది. స్నేహలత వెతికితే దొరికినవన్నీ లోకంలో ఎవరూ ఆడని వింత ఆటలే.

ఒకదాంట్లో ఆడేవాళ్లే గోడ. దారిన పోయేవాళ్లు వచ్చి ఆనుకుంటారు, కుక్క పడుకుంటుంది, ఒకడు పోస్టర్ అంటిస్తాడు, ఇంకొకడు దాని మీద ఇంకొకటి అంటిస్తాడు. గోడ చేయగలిగింది ఒకటే. ఎండ ఎక్కినప్పుడు తన నీడను కొంచెం ముందుకు జరపగలదు. కుక్క మీదికి నీడ జరిపి విమలమ్మ సంతోషించేది. ఇంకొకదాంట్లో ఎవరో మరచిపోయిన గొడుగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి "మీదేనా?" అని అడగాలి. ఎవరిదీ కాదు. కొందరు తల అడ్డంగా ఊపుతారు, కొందరు చాయ్ ఇస్తారు.

"గొడుగు మనమే ఉంచుకోరాదా అత్తమ్మా?" అంది స్నేహలత.

"ఉంచుకుంటే ఆట ఒడిసిపోతది గదనే."

మూడోది కొంగ ఆట. ఆమెకు మిగతా రెండూ ఇష్టమైతే, ఇది పట్టుదల. ఎందుకంటే ఇది ఆమెకు రాలేదు. మొదట్లో ఒక్క కొంగా పూట కూడా నిలవలేదు. తెర మీద దుమ్ము కనబడితే కొంగుతో తుడిచేది, కొంగ పోయేది. ఈగ వాలితే తోలేది, కొంగ పోయేది. ఏమీ లేకున్నా వేలు దానంతటదే పోయేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏదో ఒకటి పట్టుకునే ఉన్న చేతులకు, ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకోవద్దని చెప్పడం ఎట్లాగో ఆమెకు తెలియలేదు. చేతులు దిండు కింద పెట్టి కూర్చోవడం నేర్చుకుంది. అప్పుడు కూడా కొంగలు పోయాయి, కొంచెం ఆలస్యంగా.

చివరికి ఫోనును చేతికందకుండా గోడకున్న గూట్లో పెట్టించింది. వెనక గదిలో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు ఆ గూటి పక్కనే ఉంది. అది దేవుని గూడు. పండుగలకు రంగు బల్బులు పెట్టడానికని హరీశ్ అక్కడ ప్లగ్గు పెట్టించాడు. అందువల్ల లక్ష్మీదేవికీ భక్త మార్కండేయుడికీ మధ్య, చార్జర్ తీగతో సహా, కొంగ నిలబడింది. విమలమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని, వేయించిన అటుకులు తింటూ చూసేది. ఒక్కోసారి దానితో మాట్లాడేది.

"ఏందే, కాలు గుంజుతాందా? మార్చరాదే జర."

కొంగ మార్చేది కాదు. అదే ఆమెకు నచ్చేది.

దీపావళి ముందు, కొత్తవాడ సంఘం ఒక తీర్మానం చేసింది. పక్క గల్లీలో ఒక పిల్లవాడు ఫోనులో బెట్టింగ్ ఆడి ఇల్లు విడిచిపోయి, మూడోరోజు దొరికాడు. సంఘం అధ్యక్షుడు వెంకట్రాజం కదిలిపోయాడు. ఆయన అరవై దాటిన మనిషి, తెల్లని లాల్చీ, జేబులో రెండు పెన్నులు. సాయంత్రం పూట సంఘం భవనంలో జంపఖానా పరిచి మరో నలుగురితో కలిసి పేకాడతాడు. ఇంట్లో దాన్ని మీటింగు అంటారు. ఆ మీటింగులోనే, ముక్కలు పంచే లోపల, గల్లీలో ఏ ఇంట్లోనూ ఫోనులో ఆటలు ఆడకూడదని తీర్మానించారు. ఫ్లెక్సీ కొట్టించారు. అందులో వెంకట్రాజం నిలువెత్తున చేయి ఎత్తి ఉన్నాడు. కింద వరుసలో, గుండ్రటి బొమ్మలో, యువజన విభాగం కన్వీనర్ హరీశ్ ఉన్నాడు. తీర్మానం రాసింది అతనే. కార్యదర్శి పదవి ఖాళీ అవుతోందనీ, అది తనకేననీ వెంకట్రాజం రెండుసార్లు భుజం తట్టి చెప్పి ఉన్నాడు.

ఆదివారం నాడు సంఘం పెద్దలు ఇల్లిల్లూ తిరుగుతారని తేలగానే హరీశ్ తల్లి మంచం పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, అది బంద్ చెయ్యి."

"ఏది?"

"ఏదేందమ్మా. కొంగ."

"దాన్ని ముట్టుకుంటే పోతది బిడ్డా."

"పోతె ఏమైతది?"

"పోతది."

"అమ్మా, నేనే తీర్మానం రాసిన. నా ఇంట్లనే ఆట నడుస్తాందంటె నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నేను పైసలు పెడ్తాన్ననా? ఎవనితోనన్న ఆడుతాన్ననా? అసలు ఆడుతాన్ననా? నేను దాన్ని ముట్టుకుంటనె లేను గదరా."

"అందుకే జనాలకు చెప్పరాదు. బెట్టింగ్ అంటె సమజైతది. ఇది చెప్తె నీకు దిమాక్ ఖరాబైందంటరు."

స్నేహలత గడపలోంచి మెల్లగా అంది. "సీరియల్ చూడరాదా అత్తమ్మా. అందరి అత్తలు చూస్తరు."

"ఆ ఏడుపు మనింట్ల ఎందుకే."

హరీశ్ లేచి గూటి వైపు అడుగు వేశాడు. ముందు గదిలో మగ్గం ఆగింది. "దాని జోలికి పోకు," అన్నాడు నర్సింగం. మగ్గం మళ్లీ నడిచింది. హరీశ్ గూటి ముందు కాసేపు నిలబడి, దేవుడికి దండం పెట్టినట్టు చేసి బయటికి పోయాడు.

శనివారం పొద్దున పక్కింటి మొగిలమ్మ పాలలోకి తోడు అడగడానికి వచ్చింది. స్నేహలత వంటింట్లో గిన్నె వెతుకుతుంటే, మొగిలమ్మ అలవాటు ప్రకారం గూట్లోని కుంకుమ బరిణె కోసం చేయి చాచింది.

"ముట్టకు!" అని కేక పెట్టింది విమలమ్మ.

మొగిలమ్మ చేయి గాల్లోనే ఆగింది.

"అది ముట్టకే మొగిలీ. బోనాల సంది నేను గూడ ముట్టలె."

మొగిలమ్మ గూట్లోకి చూసింది. రెండు పటాల మధ్య నీళ్లు, నీళ్లలో తెల్లటి పక్షి, ఒంటికాలు. తెర మీద మూడు నెలల దుమ్ము పట్టి, మంచులో నిలబడ్డట్టు ఉంది. మొగిలమ్మ చేయి వెనక్కి తీసుకుని నెత్తి మీద కొంగు కప్పుకుంది.

"ఏం మొక్కుకున్నవ్ వదినె?"

విమలమ్మకు నవ్వొచ్చింది. "మొక్కేందే. ఆట."

మొగిలమ్మ తల ఊపింది. మొక్కు తీరేదాకా బయటికి చెప్పకూడదని ఆమెకు తెలుసు. చెప్తే ఫలం పోతుంది. ఆమె కూడా కొడుకు పోలీసు పరీక్షకు మొక్కినప్పుడు, ఎందుకు చెప్పుల్లేకుండా తిరుగుతున్నావని అడిగినవాళ్లకు కాళ్లు మంటలనే చెప్పింది.

"మంచిది వదినె, చెప్పకు. నేనడగలె, నువ్వు చెప్పలె."

"నీయమ్మ, నిజంగనే ఆటనే!"

"ఔనౌను, ఆటనే," అని మొగిలమ్మ రెండు చెంపలూ వేసుకుని, తోడు మరచిపోయి వెళ్లిపోయింది. సాయంత్రానికి గల్లీ అంతటికీ తెలిసింది. విమలమ్మ ఒప్పుకోలేదన్న సంగతి కూడా తెలిసింది. దాంతో అందరికీ నమ్మకం కుదిరింది.

ఆదివారం వెంకట్రాజం నలుగురితో వచ్చాడు. హరీశ్ ముఖం పాలిపోయి ఉంది. వాళ్లు వెనక గది గడప దాటకముందే మొగిలమ్మ ఎదురొచ్చి చెవిలో ఏదో చెప్పింది. వెంకట్రాజం ఆగి, చెప్పులు విడిచాడు. వెనక నలుగురూ విడిచారు.

"ఏందిరా హరీశ్, ఇసొంటి సంగతి నాకు చెప్పవా?"

హరీశ్ ఒకసారి తల్లిని చూశాడు, ఒకసారి గూటిని చూశాడు. తర్వాత ఆయన విడిచిన చెప్పులు చూశాడు.

"అమ్మ చెప్పద్దన్నది పెద్దనాయినా."

విమలమ్మ నోరు తెరిచింది. గూట్లో కొంగ నిలబడి ఉంది. నోరు మూసుకుంది. సంఘం పెద్దమనుషులు తీర్మానం పట్టుకుని వచ్చి, దాన్ని ముట్టుకోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఈ పూటకు గండం తప్పింది, అంతకంటే ఏం కావాలి అనుకుంది.

మొక్కు దేనికోసమనే చర్చ వాకిట్లోనే మొదలైంది. ఆమె మోకాళ్ల కోసమని ఒకరు. హరీశ్ పదవి కోసమని ఒకరు. నూలు ధర తగ్గాలనేమోనని ఒకరు. వెంకట్రాజం కొంచెం ఆలోచించి, ఇది సంఘం క్షేమం కోసమై ఉంటుందన్నాడు. మొన్ననే ఆయన గుండెకు స్టెంట్ పడింది. సంఘం క్షేమానికీ తన గుండెకూ తేడా ఆయన ఎన్నడూ చూడలేదు. కొంగ ఏ దేవుడి వాహనమన్నది ఇంకా తేలలేదు. రిటైరైన కండక్టర్ యాకయ్య దాన్ని తేల్చాడు.

"సరస్వతికి హంస. దూరంకెల్లి చూస్తె కొంగ గూడ హంస లెక్కనే ఉంటది. మనం దూరంకెల్లే చూస్తానం గద."

సోమవారం నుంచి ఇంటికి జనం రావడం మొదలైంది. మంచినీళ్ల బిందెలతో పోయేవాళ్లు ఆగి దండం పెట్టేవారు. పూలు తెచ్చేవారు. పటాలకు చోటు లేక చార్జర్ తీగకు బంతిపూలు చుట్టారు. కొందరు ఒంటికాలి మీద నిలబడి మొక్కారు. ఒకాయన పట్టు తప్పి విమలమ్మ మంచం మీద పడ్డాడు. అగరొత్తుల పొగకు ఆమెకు దగ్గు పట్టుకుంది. స్నేహలత రీల్ తీయడానికి ఫోను పట్టుకుని వచ్చింది.

"అత్తమ్మా, చిన్నప్పుడు హసన్‌పర్తి చెరువు కాడ కొంగలు చూసిన యాది చెప్పు. మంచిగుంటది."

"చెరువు ఎవలు చూసిండ్రే? పొద్దుందాక రాట్నం ముందటనే."

"పోనీ చూసినట్టు చెప్పు."

"మా ఇంటెనక పందులు తిరిగేటియి. అవి చెప్పాల్నా?"

స్నేహలత నవ్వి రీల్ మానుకుంది. మిగిలినవాళ్లకు ఆ నవ్వు నచ్చలేదు. మొక్కున్న ఇంట్లో ఎగతాళి ఏమిటని మొగిలమ్మ కసిరింది.

ఆ రోజు నుంచి విమలమ్మకు కొత్త కొత్త సంగతులు తెలిశాయి. మొక్కున్నవాళ్లు పొద్దున్నే తలస్నానం చేయాలి. ఆదివారం కోడి వండకూడదు. మంచం మీద కూర్చుని అటుకులు నమలకూడదు. కొంగను "ఏందే" అనకూడదు. ఇవన్నీ ఆమె మొక్కు గురించి ఆమెకు ఇతరులు చెప్పారు. ఆమె ఓర్చుకుంది. కొంగ ఉంది కదా అనుకుంది.

బుధవారం మొగిలమ్మ ఇంకొకటి గమనించింది. విమలమ్మ కాళ్లు దేవుడి గూటి వైపు ఉన్నాయి. మొగిలమ్మ, యాకయ్య, హరీశ్ కలిసి మంచం తిప్పేశారు. ఇప్పుడు ఆమె తల గూటి కింద ఉంది, కాళ్లు వంటింటి వైపు. పడుకుంటే కనిపించేది పైకప్పు, అందులో ఒక బల్లి. కూర్చుంటే వంటింట్లో గ్యాస్ బండ. గూట్లో ఏం జరుగుతుందో చూడాలంటే మోకాళ్లు పట్టుకుని లేచి, కర్ర పట్టుకుని, వచ్చినవాళ్ల వెనక వరుసలో నిలబడాలి.

అన్నం తిన్నాక ముందు గదిలోంచి నర్సింగం అడిగాడు.

"ఉన్నదా?"

విమలమ్మ బల్లిని చూసింది.

"ఏమో."

మగ్గం చాలాసేపు మొదలు కాలేదు.

గురువారం కొంగ కాలు మార్చింది. ఆ సంగతి ఆమెకు మొగిలమ్మ వచ్చి చెప్పింది. మొగిలమ్మ చూసింది, ఇంకా ఇద్దరు చూశారు, ఒకామె ఏడ్చింది. విమలమ్మ ఆ రోజు రెండు ముద్దలు తక్కువ తింది.

"హరీశ్," అంది సాయంత్రం. "ఇగ చాలు బిడ్డా. ఆటని చెప్పు అందరికి."

"ఇంకొన్ని దినాలే అమ్మా. పున్నమి పోనీ."

పున్నమికి ఏమిటో అతను చెప్పలేదు. అది ఆమెకు కార్తీక పున్నమి పొద్దున్నే తెలిసింది. వాకిట్లో డప్పులు మోగాయి. వెంకట్రాజం పట్టు పంచె కట్టుకుని, పూలు పరిచిన ఇత్తడి తాంబాళం ఒకడి చేత పట్టించుకుని వచ్చాడు. వెనక ఇద్దరు ఫ్లెక్సీ మోస్తున్నారు. అందులో ఒక పక్క కొంగ, ఇంకో పక్క అంతే ఎత్తున వెంకట్రాజం. కింద హరీశ్ గుండ్రటి బొమ్మ ఈసారి పెద్దదైంది. దాని కింద కార్యదర్శి అని రాసి ఉంది. ఫోనును తాంబాళంలో పెట్టి, చార్జింగ్ ఆగకుండా బ్యాటరీ ఒకటి జత చేసి, ఊరేగింపుగా సంఘం భవనానికి తీసుకుపోతారు. అక్కడే శాశ్వతంగా ఉంచుతారు. పేకాడే జంపఖానా పక్కకు జరిపి అప్పటికే బల్ల వేశారు. విమలమ్మకు శాలువా కప్పుతారు.

"ఫోన్ల ఆటలాడి పోరగాండ్లు ఖరాబైతాంటె," అన్నాడు వెంకట్రాజం అందరికీ వినిపించేట్టు, "అదే ఫోనుతోని భక్తి ఎట్ల చెయ్యాల్నో మా చెల్లె చూపిచ్చింది. రా చెల్లె, నీ చేతితోని ఎత్తియ్యి."

విమలమ్మ మంచం మీంచి లేవలేదు.

"అన్నా, అది మొక్కు కాదు. ఆట."

వెంకట్రాజం చిరునవ్వు నవ్వాడు. "తెలుసు చెల్లె. చెప్పద్దని తెలుసు."

"చెప్తాన్న గదన్నా. ఆట అది. మొదాలు మొగిలికి చెప్పిన. నా కొడుక్కు తెలుసు. ఏరా, చెప్పురా."

హరీశ్ తాంబాళంలోని పూలు సర్దుతున్నాడు.

"పట్టుదల అంటె గిది," అని మొగిలమ్మ పక్కామెతో అంది. ఇద్దరూ చెంపలు వేసుకున్నారు.

విమలమ్మ వాళ్ల ముఖాలు చూసింది. తాను నిజం చెప్పేకొద్దీ వాళ్ల చేతులు ఇంకా గట్టిగా జోడించుకుంటున్నాయి. మాటతో అయ్యే పని కాదని అర్థమైంది. మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. కర్ర పట్టుకుంది. జనం దారి ఇచ్చారు, ఫోను ఎత్తి ఇవ్వడానికే వస్తోందనుకుని డప్పులు గట్టిగా కొట్టారు.

గూటి ముందు నిలబడి ఆమె కొంగను దగ్గరగా చూసింది. ఇంత దగ్గరగా బోనాల తర్వాత చూడలేదు. దుమ్ము వెనక దాని కన్ను ఒక చిన్న నల్ల చుక్క. చెరువు మీద తెల్లవారుతోంది. చూపుడు వేలు ముందుకు వచ్చింది. ఎన్నో కొంగలను పోగొట్టిన వేలే, ఈసారి తెర ముందు ఆగింది. ఆమె దాన్ని తోయవలసి వచ్చింది.

ముట్టుకుంది.

కొంగ రెక్కలు విప్పింది. నీళ్లు కదిలాయి. తుంగ మీదుగా లేచి, పటాల మధ్యలోంచి పోయినట్టే, తెర అంచు దాటి పోయింది. దుమ్ములో వేలి గుర్తు మిగిలింది. డప్పులు ఒకటొకటిగా ఆగాయి. ఖాళీ చెరువు మధ్యలో, మళ్లీ మొదలుపెట్టడానికి నొక్కే గుండ్రటి బాణం గుర్తు వచ్చింది. ఈ గల్లీలో ఆ గుర్తు తెలియని ఇల్లు లేదు. అందరి పిల్లలూ అందరి ఫోన్లలో రోజూ నొక్కేదే.

"ఆటనే," అన్నాడు యాకయ్య.

వెంకట్రాజం గూటికి ఇంకో అడుగు దగ్గరికి వచ్చి ఆ గుర్తును చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "గెలిస్తె ఏమొస్తది?"

"గెలుచుడు లేదన్నా."

"ఓడితె?"

"కొంగ పోతది. ఇంకోటి వస్తది."

"మరి ఎందుకాడుడు?"

విమలమ్మ ఆలోచించింది. ఇప్పటిదాకా ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. తిట్టారు, మొక్కారు, అడగలేదు.

"ఒకదాన్ని ముట్టకుంట ఉండుడు నాకస్తదా రాదా అని," అంది. "జర జర వస్తాంది."

వెంకట్రాజానికి అప్పుడు కోపం వచ్చింది. బెట్టింగ్ అయితే తీర్మానంలో దానికి మాట ఉంది. గెలుపూ ఓటమీ లేని ఆటను ఏ మాట కింద బంద్ చేయాలో ఆయనకు తోచలేదు. పైగా దాని ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. "ఇన్నొద్దుల సంది సంఘాన్నే ఆటాడిచ్చినవా?" అని గద్దించి, పంచె అంచు పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. ఫ్లెక్సీ గడపలో ఇరుక్కుంటే ఇద్దరు దాన్ని అడ్డంగా తిప్పి బయటికి లాగారు. తాంబాళం పట్టుకున్నవాడు అందులో ఏమీ లేకపోయినా జాగ్రత్తగానే మోసుకుపోయాడు. మొగిలమ్మ చివరిగా వెళ్లింది. గడప దగ్గర ఆగి, "గురువారం నేను చూసింది గూడ ఉత్తదేనా వదినె?" అని అడిగింది.

"ఉత్తదెట్లైతదే. కాలు మార్చింది, నువ్వు చూసినవ్. నేను చూడలె."

మొగిలమ్మ దానికి సంతోషించాలో లేదో తెలియక వెళ్లిపోయింది.

హరీశ్ మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"నా ఇజ్జత్ తీసినవమ్మా."

"కొంగ మీద నిలబెట్టుకున్నది నువ్వే గద బిడ్డా. అది ఒక్క కాలు మీదనె ఉన్నదని తెలువదా?"

స్నేహలత చార్జర్ తీగకున్న బంతిపూలు తీసేస్తూ కిసుక్కున నవ్వి, మొగుడి ముఖం చూసి ఆపుకుంది.

"లే," అంది విమలమ్మ కొడుకుతో. "ఆ పక్క పట్టు. మంచం తిప్పాలె."

హరీశ్ తల్లిని చూశాడు. తర్వాత లేచి ఆ పక్క పట్టాడు. స్నేహలత ఈ పక్క పట్టింది. మంచం గూటికి ఎదురుగా, కాళ్లు అటే ఉండేట్టు, ముందున్న చోటికి వచ్చింది. విమలమ్మ కొంగుతో తెర మీద దుమ్ము శుభ్రంగా తుడిచింది. పోయేది ఇప్పుడు ఏమీ లేదు. బాణం గుర్తు నొక్కి, వచ్చి పడుకుని, మోకాళ్ల కింద దిండు పెట్టుకుంది.

చెరువు ఖాళీగా ఉంది. తుంగ కదిలింది. ఎక్కడో వాన చినుకు పడింది.

ముందు గదిలో మగ్గం ఆగింది.

"ఉన్నదా?"

"పోయింది."

మగ్గం మళ్లీ మొదలు కాలేదు.

"ఇంకోటి?"

"ఆగు," అంది విమలమ్మ, చేతులు దిండు కింద పెట్టుకుంటూ. "దిగుతాంది."